నీటి దారి మూస్తే నౌపడ పచ్చదనం నిలవదు

నౌపడ అనగానే శ్రీకాకుళం జిల్లా వాళ్లకు మొదట గుర్తొచ్చేది ఉప్పు. ఆ తర్వాత 1900లో పర్లాకిమిడికి నడిచిన చిన్న రైలు. ఇప్పుడైతే పక్కనే మూలపేటలో రూపుదిద్దుకుంటున్న పోర్టు. ఈ మూడింటి చాటున పడిపోయినది ఇంకొకటి ఉంది. సంతబొమ్మాళి, టెక్కలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రానికీ మెట్టకూ నడుమ పరుచుకున్న చిత్తడి నేల, దాని మీద బతికే మొక్కలు. వాటి గురించి సభల్లో మాట్లాడేవాళ్లు తక్కువ. ఫైళ్లలో రాసేవాళ్లు ఇంకా తక్కువ.

ఈ మొక్కలు ఎలా ఉన్నాయన్నది వృక్షశాస్త్రం చదివినవాళ్లకు మాత్రమే పట్టాల్సిన విషయం కాదు. వలకు పడే చేప, తీరం వెంట బావుల్లో నీటి రుచి, తుపాను రాత్రి అల ఎక్కడిదాకా వస్తుందన్న లెక్క, అన్నీ వాటితో ముడిపడి ఉన్నాయి. వాటి బాగోగులు తేల్చేది మాత్రం నీరు. మెట్ట నుంచి గెడ్డల, అంటే వాగుల గుండా దిగే మంచినీరు, మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు గుండా లోపలికి ఎక్కే ఉప్పునీరు వాటి వాటి కాలంలో, వాటి వాటి పాళ్లలో కలుసుకున్నంతకాలం అక్కడ పచ్చదనం తనంతట తాను నిలబడుతుంది. ఆ దారి మూసేశాక ఎన్ని వేల మొక్కలు నాటినా నిలబడవు. నౌపడ తీరం మీద ఇవాళ ఉన్న ఒత్తిళ్లన్నీ ఏదో ఒక చోట ఈ దారిని కోస్తున్నవే. విడివిడిగా చూస్తే ప్రతిదీ చిన్నగానే కనిపిస్తుంది. కలిపి చూసే పని ఏ శాఖా పెట్టుకోలేదు.

దిబ్బ నుంచి తంపర దాకా

సముద్రం వైపు నుంచి లోపలికి నడిస్తే ఈ పచ్చదనం నాలుగు అంచెల్లో కనిపిస్తుంది. మొదటిది ఇసుక దిబ్బ. అక్కడ చెవులపిల్లి తీగ పాకుతుంది. రెండుగా చీలిన ఆకులు, ఊదారంగు పూలు. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. గాలికి లేచిన ఇసుక మీద పడితే తీగ చావదు, పైకి లేచి మరో కణుపు దగ్గర వేరు దింపుతుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ల గడ్డి. ఎండాక దాని విత్తనాల గుత్తులు ఊడి గాలికి దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగి మొలుస్తాయి. ఈ రెండూ ఏళ్ల తరబడి పట్టి నిలిపిన ఇసుకే దిబ్బ. దాని వెనకాల మొగలి పొదలు, ఆ వెనకాల జీడి, కొబ్బరి తోటలు. ముందు వరస పోతే వెనక వరసకు రక్షణ ఉండదు.

దిబ్బ దాటితే ఉప్పు చిత్తడి. ఎండాకాలంలో నేల మీద తెల్లటి పొర కట్టే చోటు. మామూలు గడ్డి కూడా మొలవని ఆ నేలలో ఇలకూర, వంగరెడ్డి కూర, కొయ్యలు అనే మొక్కలు పెరుగుతాయి. కొయ్యల మొక్కను చేతిలోకి తీసుకుంటే ఆకులు కనపడవు, కణుపులు కణుపులుగా పచ్చటి కాడలే ఉంటాయి. విరిస్తే ఉప్పటి రసం కారుతుంది. వానలప్పుడు పచ్చగా ఉండి, నేలలో ఉప్పు ముదిరేకొద్దీ కాడలు ఎర్రబారుతాయి. ఇలకూర తీరప్రాంతంలో చాలామంది వండుకు తినే కూరే. గుజరాత్‌లోని భావనగర్‌లో ఉన్న కేంద్ర ఉప్పు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కొయ్యల జాతి మొక్క నుంచి వంటకు పనికొచ్చే ఉప్పు తీసే పద్ధతిని రూపొందించారు. మనం పనికిరాని నేల అంటున్న చోట పెరిగే మొక్కే అది.

ఉప్పుటేరు గట్ల వెంట మడ చెట్లు, తిల్ల చెట్లు, వాటి కింద ఆల్చి పొదలు. కోరింగలోలాంటి దట్టమైన అడవి కాదిది, గట్టు వెంట తెగుతూ కలుస్తూ సాగే సన్నటి వరస. మడ ఆకును వెనక్కి తిప్పి వేలితో రాస్తే ఉప్పు పొడి అంటుకుంటుంది. తాగిన నీటిలోని ఉప్పును చెట్టు ఆకు మీదకు నెట్టేసిన గుర్తు అది. మొదలు చుట్టూ బురదలోంచి సన్నటి వేర్లు నిలువుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేర్లతోనే ఊపిరి తీసుకుంటుంది. పోటుకు అవి మునగాలి, పాటుకు తేలాలి. ఎప్పుడూ నీట మునిగి ఉన్నా చెట్టు చస్తుంది, ఎప్పుడూ ఎండిపోయి ఉన్నా చస్తుంది.

నాలుగో అంచె తంపర. కాకరాపల్లి, వడ్డితాండ్ర వైపు వాన నీరు దిగి నిలిచే పల్లపు నేలలు. సోంపేట వైపు వాటినే బీల అంటారు. ఇక్కడ తుంగ, జమ్ము, కలువ జాతి మొక్కలు. వాటి నడుమ చేప పిల్లలు పెరుగుతాయి, గట్ల మీద పశువులు మేస్తాయి, తుంగ కోసి చాపలు అల్లేవాళ్లకు అది ముడిసరుకు. వానాకాలంలో కొండల నుంచి వచ్చే వరదను తంపర పట్టి ఉంచి మెల్లగా కిందికి వదులుతుంది. అలా వదిలే మంచినీరే కింద ఉన్న ఉప్పు చిత్తడిలో ఉప్పును ఏటా కొంత కడిగి, కొయ్యల విత్తనం మొలవడానికి వీలు కల్పిస్తుంది. మడ మొలకలకూ ఆ నీరు కావాలి.

ఈ తీరపు మొక్కల గురించి మనకు పాత రికార్డు లేకపోలేదు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువరించిన సంపుటాల్లో వాటిని బొమ్మలతో సహా నమోదు చేసి, తెలుగు పేర్లను కూడా సేకరించాడు. కొయ్యల మొక్కకు శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే. రెండు శతాబ్దాల క్రితం పేరుపెట్టి గుర్తించిన మొక్కలు ఇవాళ మన రెవెన్యూ రికార్డుల్లో బంజరు కింద జమపడుతున్నాయి.

చెట్టు మీది గూటికి చిత్తడే ఆధారం

టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా వానలు వెనకపట్టే వేళ గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితోపాటు ఎర్రకాళ్ల కొంగలు, అంటే పెయింటెడ్ స్టార్కులు వచ్చి ఊళ్లో చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. వేటగాళ్లను రానివ్వరు. జనం వాటిని సైబీరియా పక్షులంటారు గానీ ఈ రెండు జాతులూ మన దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతాల్లోనే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేవి. అంటే ఇక్కడ చెడితే మంచుదేశాల్లో వాటికి వేరే పుట్టిల్లు లేదు. ఊళ్లో చెట్లు ఉంటే గూడు ఉంటుంది. పిల్లకు పెట్టే చేప మాత్రం నౌపడ చిత్తడి నుంచే రావాలి. అందుకే తేలినీలాపురాన్ని ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచితో కలిపి ముఖ్యమైన పక్షి ఆవాసంగా గుర్తించిన సంస్థలు చిత్తడి గురించి కూడా అంతే ఆందోళన పడుతూ వచ్చాయి.

2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. నెమటోడ్ అనే పరాన్నజీవి పురుగులు కారణమని పరీక్షల్లో తేలింది. ఈ పురుగులు పక్షి కడుపులోకి చేరేది తిన్న చేపల ద్వారానే. సహజంగా కదిలే నీళ్లు తగ్గి, నిలవ నీళ్ల చెరువుల మీద పక్షులు ఆధారపడాల్సి వస్తే ఇలాంటి ముప్పు పెరుగుతుంది. చెట్ల మీది గూళ్లను కాపాడుకున్న ఊరికి చిత్తడిని కాపాడుకునే అధికారం లేదు. ఆ లోటు తీర్చాల్సింది ప్రభుత్వం.

తుపాను రక్షణ ఇంకో లెక్క. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే, పలాసకు దగ్గర్లో తీరం దాటింది. ఉద్దానంలో దశాబ్దాల వయసున్న కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. గాలిని ఏ మొక్కా ఆపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఉప్పెనను మాత్రం దిబ్బ, మడ వరస నెమ్మదింపజేస్తాయి. 1999 ఒడిశా పెను తుపానుపై కేంద్రపడా జిల్లా గ్రామాల్లో జరిగిన అధ్యయనం, ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట ప్రాణనష్టం తక్కువని తేల్చింది. ఆ ఫలితాన్ని పక్క రాష్ట్రం ముచ్చటగా వదిలేయలేం. అదే బంగాళాఖాతం, అవే తుపానులు.

ఒత్తిళ్లు ఎక్కడెక్కడ

ఉప్పుతో మొదలుపెడదాం. ఉప్పు కొఠార్లు కూడా ఒకప్పుడు చిత్తడిని మార్చి కట్టినవే. కానీ ఉప్పు పంటకు ఒక కాలం ఉంది. జనవరి నుంచి తొలకరి దాకా సముద్రపు నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండబెడతారు. ఉప్పునీటి చిక్కదనం కొలిచే బామే మీటరు 25 డిగ్రీలు చూపే వేళకు ఉప్పు గింజ కడుతుంది. వానలు పడ్డాక మడులన్నీ మళ్లీ నీటికి వదిలేస్తారు. గట్ల మీద ఇలకూర మొలుస్తుంది, లోతు తక్కువ నీళ్లలో కొంగలు, ఉల్లంకులు మేస్తాయి. ఏడాదిలో సగం కాలం నేలను ప్రకృతికి అప్పగించే వృత్తి అది.

రొయ్యల చెరువు అలాంటిది కాదు. లోతుగా తవ్వి, ఎత్తుగా గట్టు కట్టి, ఏడాది పొడవునా నీటిని బంధించి ఉంచుతుంది. 2009లో వెనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక తీరమంతటా దాని సాగు ఉరకలు వేసింది. ఉప్పు గిట్టుబాటు కానిచోట నేల రొయ్యకు మారడం రైతు తప్పు కాదు. అయితే ఆ మార్పుతో పోటు నీరు లోపలికి రాదు, వాన నీరు బయటికి పోదు. మేత మిగులు, మందులు, బురద కలిసిన నీళ్లు పట్టుబడి తర్వాత ఒక్కసారిగా ఏటిలోకి వదులుతారు. పక్క పొలాలకు ఉప్పు ఊట ఎక్కుతుంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలిలో ఆధునిక రొయ్యల సాగుకు అడ్డుకట్ట వేస్తూ ఇచ్చిన తీర్పులో ఇవన్నీ ఉన్నాయి. 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఆ సాగును రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. ఒక్కో చెరువును రిజిస్టర్ చేసే వ్యవస్థ ఏర్పడింది గానీ, ఒక ఏటి మీద మొత్తం ఎన్ని చెరువులైతే ఆ ఏరు చచ్చిపోతుందో లెక్కించే వ్యవస్థ ఏర్పడలేదు.

తంపర కథ మరింత చేదు. కాకరాపల్లి తంపరలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి రెండు వేలకు పైగా ఎకరాలు కేటాయించారు. కేంద్ర నిపుణుల మదింపు కమిటీయే మొదట ఇది అసలుసిసలు చిత్తడి నేల అనీ, ఇలాంటి వాటిని మార్చకూడదనీ అభిప్రాయపడింది. అయినా 2009లో పర్యావరణ అనుమతి వచ్చింది. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర ప్రాజెక్టును ఎదిరించిన జనంపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాది, 2010 జూలై 14న సోంపేట బీల కోసం కూడా ప్రజలు ప్రాణాలు ఒడ్డారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అక్కడి థర్మల్ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. చిత్తడి విలువను ఈ జిల్లా ప్రజలు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, నెత్తురు ధారపోసి చెప్పారు. తంపరలో మట్టి పోసి ఎత్తుచేసిన మేర నీటి నడక మారిపోయిందన్న సంగతి ఈనాటికీ సరిదిద్దుకోవాల్సిన లెక్కగానే మిగిలింది.

ఇప్పుడు పోర్టు. మూలపేట దగ్గర 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. విష్ణుచక్రం, మూలపేట గ్రామస్థులకు నౌపడ దగ్గర పునరావాసం చూపారు. వలసలు తప్ప గతిలేని జిల్లాకు పోర్టు కావాలి, ఉద్యోగాలు కావాలి. అందులో రెండో మాట లేదు. కానీ రెండు విషయాలు ముందే ఆలోచించాలి. ఒకటి ఇసుక. మన తూర్పు తీరం వెంట ఏడాది మొత్తం లెక్కలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. పోర్టు కోసం సముద్రంలోకి అడ్డుగోడలు కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. విశాఖలో పోర్టు తవ్వి తీసిన ఇసుకను ఆర్కే బీచ్‌కు పోస్తూ రావాల్సిన అవసరం ఇందువల్లే వచ్చింది. మూలపేటకు ఉత్తరాన దిబ్బలు కరిగితే వాటితోపాటు చెవులపిల్లి తీగ నుంచి జీడితోట దాకా అన్నీ వరసగా పోతాయి. రెండోది కట్టలు. పోర్టుకు రోడ్డు, రైలు మార్గాలు చిత్తడి నేలల మీదుగానే వెళ్లాలి. ఎత్తైన మట్టికట్ట మీద రోడ్డు వేసి, చిన్న తూములతో సరిపెడితే కట్టకు ఒక పక్క నీరు నిలిచి కుళ్లుతుంది, రెండో పక్క నేల ఎండి పగులుతుంది. ఆ ఎండిన పక్కకు సర్కారు తుమ్మ వచ్చి పాతుకుంటుంది. ఒకసారి అది కమ్ముకున్నాక కొయ్యలకూ ఇలకూరకూ ఇక చోటుండదు.

చట్టం కళ్లకు కనపడని నేల

ఇన్ని చట్టాలు ఉండి కూడా ఈ నేల ఎందుకు రక్షణ లేకుండా ఉంది? జవాబు వర్గీకరణలో ఉంది. దేశపు బంజరు భూముల అట్లాసులో చిత్తడి, నీరు నిలిచే నేలలు ఒక తరగతి, ఉప్పు ప్రభావిత నేలలు మరో తరగతి, తీరపు ఇసుక ఇంకో తరగతి. అంటే పైన చెప్పిన పచ్చదనంలో చాలా భాగం ప్రభుత్వ లెక్కల్లో బంజరే. పరిశ్రమకు భూమి వెతికే అధికారికి ముందుగా కనిపించేది ఆ జాబితాయే.

2017 చిత్తడి నేలల నిబంధనలు రక్షిస్తాయా అంటే, ఉప్పు తయారీకీ జలచరాల సాగుకూ కట్టిన మడులను, తీరప్రాంత నియంత్రణ మండలి కింద ఉన్న ప్రాంతాలను ఆ నిబంధనలు తమ పరిధి నుంచి తప్పించాయి. పోనీ 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన రక్షిస్తుందా? అది మడ అడవులు, ఉప్పు చిత్తడులు, ఇసుక దిబ్బలు, పక్షులు గూళ్లు కట్టే చోట్లు అన్నిటినీ అత్యంత సున్నితమైన మొదటి శ్రేణిలో చేర్చింది. వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ వనానికి చుట్టూ 50 మీటర్ల కాపు కూడా ఇచ్చింది. కానీ ఆ రక్షణ పటంలో గీత గీసిన మేరకే. తెగుతూ కలుస్తూ సాగే సన్నటి మడ వరస, ఏడాదిలో ఆరు నెలలు మట్టిరంగులో కనిపించే ఉప్పు చిత్తడి ఉపగ్రహ పటంలో తేలిగ్గా జారిపోతాయి. పోటు అందని తంపర ఆ మండలి బయటే ఉండిపోతుంది. ఇలా ఒకే నీటి మీద బతికే నాలుగు అంచెల్లో కొన్ని ఒక చట్టం కింద, కొన్ని ఇంకో చట్టం కింద, కొన్ని ఏ చట్టం కిందా గుర్తింపు లేకుండా మిగిలాయి.

నాటడం ఆఖరి పని

ఇలాంటి సమస్యకు మన వ్యవస్థ దగ్గర సిద్ధంగా ఉండే మందు మొక్కలు నాటే కార్యక్రమం. 2023లో కేంద్రం మొదలుపెట్టిన మిష్టి పథకం తొమ్మిది రాష్ట్రాల్లోనూ కేంద్రపాలిత ప్రాంతాల్లోనూ దాదాపు 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుంది. మంచి లక్ష్యమే. అయితే మడ ఎన్నడూ పెరగని బురద మైదానంలో మడ నాటితే చెట్టు బతకదు, పక్షులు మేసే చోటు కూడా పోతుంది. దిబ్బ మీద సరుగుడు బారులు తీర్చి నాటితే ఫొటోలో పచ్చగా కనిపిస్తుంది. దాని నీడలో, రాలిన పుల్లల దుప్పటి కింద ఇసుకను పట్టే తీగలు మాత్రం చచ్చిపోతాయి.

సరైన దారి మన రాష్ట్రంలోనే ఒకసారి నడిచి చూపించారు. 1990ల రెండో సగం నుంచి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, గ్రామస్థులు కలిసి పాడైన మడ నేలలను బాగుచేశారు. వాళ్లు మొదట చేసింది నాటడం కాదు. నేల ఎందుకు ఎండిందో చూశారు. పోటు నీరు చేరని పల్లాల్లోకి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఏటితో కలిపారు. పోటు లోపలికి వచ్చి పాటుకు వెనక్కి పోవడం మొదలయ్యాక ఉప్పు తగ్గింది. ఆ తర్వాతే మొలకలు నాటారు. అవి నిలబడ్డాయి. నౌపడకు కావలసిన పాఠం ఇదే. ముందు నీటికి దారి, ఆఖరున మొక్క.

చేయాల్సినవి

మొదటగా ఒక పటం కావాలి. రెవెన్యూ, అటవీ, మత్స్య, ఉప్పు శాఖలు కలిసి కూర్చుని గెడ్డ నుంచి మొగ దాకా నీటి దారులన్నిటినీ సర్వే నంబర్లతో గుర్తించాలి. వానలు వెలిశాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి నేల మీద నడిచి చూడాలి. అప్పుడే ఉప్పు చిత్తడి అసలు హద్దు తెలుస్తుంది.

రెండోది, తీరప్రాంత మండలి బయట ఉన్న తంపరలను రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థ గుర్తించి ప్రకటించాలి. 2017 నిబంధనల్లోనే ఆ అధికారం ఉంది. కొల్లేరు తప్ప రాష్ట్రానికి చెప్పుకోదగ్గ చిత్తడి లేదన్నట్టు ఇంకా ఎంతకాలం నడుస్తాం?

మూడోది, పోర్టుకు వెళ్లే ప్రతి రోడ్డు, రైలు కట్ట కింద నీటి దారి ఉన్నచోటల్లా వంతెనే కట్టాలి. తూము సైజు వరద లెక్కతో మాత్రమే కాదు, పోటు లెక్కతో కూడా తేల్చాలి. కట్టేటప్పుడు అయ్యే అదనపు ఖర్చు, తర్వాత ఊళ్లు మునిగితే పెట్టే ఖర్చు ముందు ఏపాటిది?

నాలుగోది, పోర్టుకు ఉత్తరాన తీరరేఖను నెలనెలా కొలిచి ఫలితం బయటపెట్టాలి. దక్షిణాన మేట వేసిన ఇసుకను ఉత్తరానికి చేర్చే బాధ్యతను పోర్టు నిర్వహణలోనే రాయాలి. దిబ్బల మీద సరుగుడు బదులు అక్కడి తీగలనే పెరగనివ్వాలి.

ఐదోది, పడావు పడిన ఉప్పు మడులను రొయ్యకు వదిలేసే ముందు కొన్నిటి గట్లు తెరిచి పోటును లోపలికి రానిచ్చి చూడాలి. ఉప్పు రైతుకు ఆదాయం నిలిచేలా గిట్టుబాటు ధర, నిల్వ సదుపాయం కల్పించడం కూడా చిత్తడి పరిరక్షణే. ఉప్పు నిలబడితే సగం ఏడాది చిత్తడీ నిలబడుతుంది.

ఆరోది, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, టెక్కలి, పలాస కళాశాలల విద్యార్థులు ఎంచుకున్న చోట్ల ఏటా అవే మొక్కలను లెక్కించి, ఆ లెక్కను తెలుగులో గ్రామసభల ముందు పెట్టాలి. ఎంత ఉందో తెలియని దాన్ని పోగొట్టుకున్నామని ఎవరూ నిరూపించలేరు. ఇన్నాళ్లూ జరిగింది అదే.

ఇందులో పోర్టును ఆపేది ఏదీ లేదు, రొయ్య రైతును రోడ్డున పడేసేదీ లేదు. ఇవన్నీ చెయ్యడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. కావలసింది నాలుగు శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, ఆ బల్ల దగ్గర తంపర ఊళ్లకూ మత్స్యకారులకూ ఉప్పు కార్మికులకూ కుర్చీ వెయ్యడం. పోర్టు, దాని వెంట వచ్చే రోడ్లు, పట్టాలు స్థిరపడిపోయాక మట్టికట్టలను తవ్వి నీటికి దారి ఇవ్వడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. ఈ పని ఇప్పుడే జరగాలి. కాకరాపల్లిలో, సోంపేటలో ప్రాణాలు పోయాక గానీ వినపడని మాటను ఈసారి ముందే వినే బాధ్యత జిల్లా యంత్రాంగానిది, రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ మాట వినిపించాల్సిన బాధ్యత మనందరిదీ.